నాలుగు కిలోల చక్రం

కిందటేడు కొండ రోడ్డు పోటీలో మా బావ బండి గీత దగ్గరే ఆగిపోయింది. ఆ పోటీలో బండ్లన్నీ కలిసి పరిగెత్తవు. ఒక్కొక్కటే కొండ పైదాకా ఎక్కాలి, ఎవరు తక్కువ టైములో ఎక్కితే వాళ్ళది గెలుపు. అంటే గీత మీద ఉన్నవాడు ఒక్కడు, చూసేవాళ్ళు ఊరంతా. జెండా ఊపగానే ఇంజను గట్టిగా అరిచింది, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగింది. గోడెక్కి కూర్చున్నవాడెవడో "గురువుగారూ, క్లచ్ మెల్లగా వదలాలండీ!" అని అరిచాడు. గోడ గోడంతా నవ్వింది. మా బావకి డ్రైవింగ్ స్కూలుంది. ఆ నవ్విన వాళ్ళలో సగం మందికి క్లచ్ వదలడం నేర్పింది ఆయనే.

తిరిగొచ్చి నా మెకానిక్ షెడ్డు ముందు దిగాక అన్నాడు: "వచ్చే ఏడు ఎక్కుతా. ఒక్కసారి పైదాకా ఎక్కి మానేస్తా, ఇంక నన్నెవడూ మానమని బతిమాలక్కర్లేదు. కానీ గీత మీద ఆగిపోయింది మాత్రం నా ఆఖరి పోటీ కాకూడదు."

నేను సరే అన్నాను. నాకూ వేరే సరదాలేం ఏడవలేదు. పెళ్ళాం పుట్టింటికి పోయి అక్కడే స్థిరపడింది, నా స్నేహితులంతా నాకు పని అప్పజెప్పి తొందరపెట్టేవాళ్ళే. ఎనిమిదో క్లాసులో బడి మానేసి పానా పట్టుకున్న దగ్గర్నుంచి నాతో నా పని గురించి మాట్లాడిన మనిషి ఒక్క బావే. ఆ బండిని మేమిద్దరం కలిసి కట్టాం. ఇంజను నేను దింపితే, టర్బో ఆయన ఎక్కడో పాత సామాన్ల అంగట్లో పట్టుకొచ్చాడు, చంటిపిల్లని తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి.

ఈ ఏడు పోటీ దగ్గరపడుతుండగా ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. నేనింకా ఎవరిదో బండి కిందే ఉన్నాను. నా కాళ్ళతోనే మాట్లాడ్డం మొదలెట్టాడు.

"బామ్మర్దీ, ఆ చక్రం మార్చేద్దాంరా."

"ఏ చక్రం? కింద నాలుగున్నాయి, చేతిలో ఒకటుంది."

"వెటకారాలు మీ అక్క దగ్గర చేసుకో. ఫ్లైవీల్."

బయటికి జరిగి వచ్చి లేచి కూర్చున్నాను. ఫ్లైవీల్ అంటే ఇంజను వెనక బిగించే ఇనుప చక్రం. ఇంజను తిరుగుడుని పట్టి నిలిపేది అదే, క్లచ్ ప్లేటు ఆనేదీ దానికే. కంపెనీ వాడిచ్చింది తొమ్మిది కిలోలుండేది. బావ పోరు పడలేక దాన్ని తీసి నాలుగు కిలోలది పెట్టాను.

"తేలికది కావాలని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు గుర్తుందా?"

"అప్పుడు పడుచువాణ్ణి."

"అప్పుడూ బట్టతలే."

నవ్వలేదు. మామూలుగా అయితే నా గెడ్డం మీద, నా కాపరం మీద ఒకటి విసిరేవాడు. "అది గీత మీద నిలవట్లేదు" అన్నాడు. "కొంచెం బరువు పెంచు."

అడిగినదాంట్లో తప్పేం లేదు. తేలిక చక్రం ఉన్న ఇంజను కాలు ఆనించగానే లేస్తుంది, కాలు తీయగానే పడిపోతుంది. నిలబడున్న బండిని కదిలించాలంటే దానికి చురుకైన కాలు కావాలి. అరవెంట్రుక తేడాగా క్లచ్ వదిలినా గుటుక్కుమంటుంది. దానికి తోడు టర్బో బండి. టర్బో అనేది ఇంజను వదిలే పొగ జోరుకి తిరిగే పంకా. గేరు మార్చే ఆ రెప్పపాటులో ఇంజను నీరసిస్తే పంకా కూడా నీరసిస్తుంది, మళ్ళీ ఊపందుకునేసరికి మలుపు దాటిపోతుంది. బరువు చక్రం ఆ ఊపుని జారిపోనివ్వదు. కాకపోతే దానికి బద్ధకం, లేపితే గాని లేవదు. ఎంత బరువు ఉంచాలన్నది బండిని బట్టి ఉండదు, నడిపేవాడి కాలిని బట్టి ఉంటుంది. ఫోన్లో చూసొచ్చి "అన్నా, అన్నిటికంటే తేలికది వెయ్" అనే కుర్రాళ్ళకి ఈ మాట చెప్పడం ఎప్పుడో మానేశాను. అడిగింది వేస్తాను, నెల తిరక్కుండా పాతది వెయ్యమని వస్తారు. బావ మాత్రం అలాంటివాడు కాదు. నాలుగు కిలోల చక్రంతో ఆ బండిని నిద్రపోతున్న పిల్లని ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి మార్చినంత నెమ్మదిగా కదిలించేవాడు.

లేతు మేస్త్రి దగ్గరికి పోయాం. ఆయనకి ముక్కు మీద కోపం, చెవి మీద పెన్సిలు. ఎంత ఉంచాలన్నాడు.

"ఆరున్నర కిలోలు."

"బాగా ఆలోచించుకోండి. కోసేశాక అతికించమంటే నా వల్ల కాదు."

"నువ్వు ఈ మాట అనకుండా ఎప్పుడైనా మిషను ఆన్ చేశావా మేస్త్రీ?" అన్నాడు బావ.

ఆరున్నరది బిగించి, షెడ్డు వెనక గోదాముల మధ్య ఖాళీ రోడ్డు మీదికి తీశాం. బావ ఎక్కాడు. ఇంజను గొంతు మారింది, కాస్త బొంగురుగా, పెద్దమనిషిలా. క్లచ్ వదిలాడు. గెంతింది, ఆగింది.

"కేబులు చూడు" అన్నాడు.

కొత్త కేబులు వేశాను. ఈసారి కదిలింది గాని వణుక్కుంటూ కదిలింది. ఇంజను కింద రబ్బర్లు మెత్తబడ్డాయేమో అని అవి మార్చాను. పెడలు స్ప్రింగు మార్చాను. చివరికి దాచి ఉంచిన కంపెనీ చక్రం, ఆ తొమ్మిది కిలోలది, తీసి పెట్టాను. మార్చిన ప్రతిసారీ గేరుబాక్సు దింపాలి. నా నడుం నామీదే తిరగబడుతోంది. తొమ్మిది కిలోలదానితో కూడా రెండుసార్లు బాగా కదిలి మూడోసారి ఆగేసరికి బావ కిందికి దిగకుండానే అన్నాడు:

"నీ బిగింపులో ఏదో తేడా ఉందిరా."

ఒళ్ళు మండింది. "నా చేతిలో తేడానా? ఇన్నేళ్ళలో నా చేతిలో తేడా కనబడిందా నీకు?"

"మరి ఎవడి చేతిలో? నా కాలా? రోజూ పదిమందికి నేర్పే కాలురా ఇది!"

తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ షెడ్డు గడప తట్టుకుని, ఆ గడపని కూడా తిట్టాడు.

మర్నాడు ఒక్కణ్ణే గేరుబాక్సు దింపి చూశాను. చక్రం ముఖం మీద నీలం మచ్చలున్నాయి. క్లచ్‌ని సగం తొక్కి సగం వదిలి అదేపనిగా రాపాడిస్తే వేడికి ఇనుము అలా కమిలిపోతుంది. స్టీరింగు పట్టుకుని వారం కానివాడి బండిలో కనిపించాల్సిన మచ్చలవి. బావ బండిలో ఏనాడూ చూడలేదు.

శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, నేనే ఎక్కాను. నేను డ్రైవర్ని కాను. బండ్లని షెడ్డులోకి తీసి షెడ్డులోంచి బయటపెట్టడమే నా డ్రైవింగు. క్లచ్ వదిలాను. వెన్నలా కదిలింది. ఆపి మళ్ళీ వదిలాను. మళ్ళీ అంతే. కావాలని మోటుగా వదిలినా ఒకసారి మూలిగి కదిలిందే గాని ఆగలేదు. బండిలో ఏ లోపం లేదు. ఆ మాటకి సంతోషించాల్సినవాణ్ణి, రోడ్డు మధ్యలో ఇంజను ఆపి కూర్చున్నాను.

సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర బావ చెప్పులు లేవు, వెనక పట్టీ ఉన్న కొత్త జత ఏదో ఉంది.

"ఇవెవరివే?"

"మీ బావవే. మామూలు చెప్పులు వేసుకుంటే ఎడమది జారి వెనకబడిపోతోందట. కొట్టువాడు మోసం చేశాడని వాడితో దెబ్బలాట. నా మీదైతే చెప్పక్కర్లేదు. చాప సరిగ్గా పరవలేదట, అందుకు కాలికి తగులుతోందట. నేనూ రోజూ చాప సర్దుతూనే ఉన్నా." అక్క గొంతు తగ్గించింది. "స్కూలు బండిలో తన వైపు కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి కదా, మొన్న ఎవరో అమ్మాయి తడబడితే ఈయన తొక్కలేకపోయారట. గేటుకి గుద్దారు. ఆ పిల్లనే తిట్టి పంపేశారు. పాపం, ఏడ్చుకుంటూ పోయింది."

చెప్పులు, చాప, ఆ పిల్ల. నేనేమో చక్రం, కేబులు, రబ్బర్లు. ఇంటిల్లిపాదీ కలిసి తప్పుని ఎక్కడెక్కడో వెతుకుతున్నాం.

బావ లోపల మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఎదురుగా నేల మీద కూలబడ్డాను.

"బావా, ప్యాంటు మోకాళ్ళదాకా లాగు."

"సిగ్గు లేదురా? మీ అక్క ఎదురుగా ఏంటిది?"

"లాగు బావా."

నా గొంతులో ఏం వినబడిందో, లాగాడు. కుడి పిక్క ఎప్పట్లాగే రాయిలా ఉంది. ఎడమది చిక్కిపోయి, వేరే ఎవరిదో తెచ్చి తగిలించినట్టుంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"మడమలు నేలకి ఆనించి వేళ్ళు పైకెత్తు."

కుడి పాదం లేచింది. ఎడమది లేవలేదు. బావ దానివైపు చాలాసేపు చూశాడు, చెప్పిన మాట వినని శిష్యుడివైపు చూసినట్టు.

"ఎత్తుతూనే ఉన్నానురా" అన్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రులు. సూదులు గుచ్చి కరెంటు పెట్టి చూశారు, గొట్టంలోకి తోసి ఫొటోలు తీశారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు, మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. కండకి కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. ఎందుకో తెలియదట. మందు ఉందిగాని అది జబ్బుని వెనక్కి తిప్పదు, కాస్త నిదానింపజేస్తుందేమో. కాలితో మొదలైంది, కాలితో ఆగదు. నేను ఇంకా వింటూనే ఉన్నాను, ఏదో ఒకటి మార్చాలని చెబుతాడేమో, ఎక్కడ దొరుకుతుందో అడుగుదామని. ఆయన చెప్పడం అయిపోయింది.

"వచ్చే నెల ఒక పోటీ ఉందండీ" అన్నాడు బావ.

"మీరు అసలు బండే నడపకూడదండీ."

బావ బుద్ధిగా తలూపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. చలానా రాసే పోలీసు ముందు కూడా అలాగే ఊపుతాడు.

అనుకున్నట్టే, వారం తిరక్కముందే లేతు మేస్త్రి ఫోను చేశాడు.

"తమ్ముడూ, మీ బావగారు వచ్చి కూర్చున్నారు. పదమూడు కిలోల చక్రం కావాలట! పోటీ బండికా, పిండిమరకా అని అడుగుతున్నా. మీ ఇంట్లో వాళ్ళకి ఏమైనా..."

"చెయ్యి మేస్త్రీ."

"నువ్వూ అంటావేంటయ్యా? పదమూడా?"

"ఆయన ఎంత అడిగితే అంత ఉంచు. ఎక్కువ మాట్లాడకు."

మేస్త్రి మెల్లగా "సరే" అన్నాడు. కోసేశాక అతికించలేనన్న మాట ఆ రోజు అనలేదు.

బావ లెక్క నాకు అర్థమైంది. అంత బరువు చక్రమైతే కాలు ఎంత మొద్దుగా వదిలినా ఇంజను ఆగదు. గీత దాటిస్తుంది. ఒకసారి కదిలాక గేర్లు క్లచ్ లేకుండానే మార్చుకోగలడు, ఆ విద్య ఆయనకుంది. కావలసింది గీత మీద ఆ ఒక్క క్షణమే. వింటుంటే సబబుగానే ఉంది. అదే నా భయం.

చక్రం షెడ్డుకి చేరిన రోజే అక్క వచ్చింది. దాన్ని కాలితో తోసి చూసింది. కదల్లేదు.

"ఇది బిగించావంటే నువ్వు నాకు తమ్ముడివి కావు."

"నేను బిగించకపోతే ఇంకొకడి దగ్గరికి పోతాడే. వాడు బోల్టులు సరిగ్గా బిగిస్తాడో లేదో."

"బిగించనీ. నీ చేత్తో మాత్రం వద్దు."

వెనకాల బావ కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ కర్ర కొత్త. "ఏమే, నా వకీలుని బెదిరిస్తున్నావా?" అన్నాడు. అక్క నవ్వబోయి ఏడ్చేసింది. బావ ఆమె పక్కన నిలబడి, తలమీద చెయ్యి వేయబోయి, చేతిలో కర్ర ఉందని ఆగిపోయి, "మీ అందరికీ నా ఒంట్లో జబ్బు కనబడుతోంది" అన్నాడు. "నాకు మాత్రం ఆ గోడ మీద నవ్విన మొహాలు కనబడుతున్నాయి. ఒక్కసారి ఎక్కనివ్వండి."

"ముందు గోదాముల మధ్య రోడ్డు మీద చూద్దాం" అన్నాను. "అక్కడ బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం." ఇద్దరిలో ఎవరికీ నచ్చని మాట కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున. గోదాములు మూసి ఉన్నాయి. బావ ఎక్కడానికి నేను సాయం పట్టబోతే మోచేత్తో తోశాడు. స్టార్టు చేశాడు. ఇంజను లేవడానికే బద్ధకించింది, లేచాక దిగడానికి బద్ధకించింది. నాకు వినడానికే కష్టంగా ఉంది. బావ క్లచ్ వదిలాడు.

కదిలింది. రైలు కదిలినట్టు, గెంతు లేదు, వణుకు లేదు. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను "సెభాష్" అన్నాను, ఆయనకి వినబడకపోయినా. రెండో గేరు క్లచ్ లేకుండానే పడింది, మూడోదీ పడింది. ఆ చివర మలుపు తిరిగి వెనక్కి రావాలి. బ్రేకు లైటు వెలిగింది. బండి తగ్గింది, కానీ తగ్గాల్సినంత తగ్గలేదు. అంత బరువు చక్రం ఒకసారి ఊపందుకున్నాక బ్రేకుకి ఎదురు తోస్తుంది. క్లచ్ తొక్కితేనే దాన్ని విడదీయగలం. తొక్కబోయాడని తెలుసు. మలుపు దగ్గర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక గుట్ట ఉంది. బండి తిన్నగా పోయి అందులోకి ముక్కు దూర్చింది.

నేను పరిగెత్తాను. పరిగెడుతుంటే ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంజను ఆగలేదు. నాలుగు కిలోల చక్రమైతే గుట్ట తగిలిన మరుక్షణం ఆగిపోయేది. ఇది ఆగకుండా బండిని ఇసుకలోకి తోస్తూనే ఉంది, వెనక చక్రాలు గుంట తవ్వుకుంటున్నాయి. నేను చేరేసరికి తాళం తిప్పి ఆపేశాడు. తాళం చెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడా దెబ్బ తగల్లేదు.

"ఇది ఆగట్లేదురా" అన్నాడు.

"అదే కదా నువ్వు అడిగింది."

అనాల్సింది కాదు. కానీ ఆయన తలూపాడు. పోలీసు ముందు ఊపినట్టు కాదు ఈసారి.

అక్క ఒగర్చుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తలుపు తీసి, వంగి, పెడలు పక్కన ఇరుక్కున్న ఆయన ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి బయటపెట్టింది. చెప్పుకి పట్టిన ఇసుక దులిపింది. బావ ఆమె నడినెత్తి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"గోడ మీద వాళ్ళు నవ్వితే నవ్వనీ" అన్నాడు. "ఇదే అనుకో, నా ఆఖరి పరుగు." తర్వాత నావైపు తిరిగి, "తేలికదే పెట్టెయ్‌రా మళ్ళీ" అన్నాడు.

"ఎవరి కోసం?"

"ఎవడో కాలున్నవాడికి ఇస్తావుగా. ఈ రోలు పెట్టి ఇవ్వకు. నాకు బండి కట్టడం రాదనుకుంటాడు."

పోటీ జరుగుతున్న రోజే ఆ పని పెట్టుకున్నాం. అటు కొండ దగ్గర జనం మూగి ఉంటారు. మేమిద్దరం షెడ్డులో. గేరుబాక్సు నేను దింపాను. పదమూడు కిలోలది తీసి గోడ వారగా దొర్లించాను, నాలుగు కిలోలది ఒంటిచేత్తో ఎత్తి ఇంజను వెనక పెట్టాను. బోల్టులు బిగించేటప్పుడు చక్రం తిరిగిపోకుండా దాని అంచు పళ్ళలో ఇనుప పట్టీ పెట్టి ఒకరు గట్టిగా ఆపి ఉంచాలి. ఆ పని ఎప్పుడూ బావదే. స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో పట్టీ పట్టుకున్నాడు.

"ఎవడు గెలిచుంటాడంటావు?" అన్నాడు.

"ఎవడైతేనేం, దొంగ వెధవలందరూ."

"నీకు లోకంలో మంచివాడు కనబడ్డాడా ఎప్పుడైనా?"

"మా అక్క మొగుణ్ణి అలాగే అనుకునేవాణ్ణి. ఈ మధ్య అనుమానంగా ఉంది."

నవ్వాడు. చాలా రోజులకి. ఎదురెదురు బోల్టులు వరసగా బిగించుకుంటూ వచ్చాను. ఆఖరిదానికి బలమంతా పెట్టి పానా లాగాను. చక్రం గిర్రున పక్కకి తిరిగింది, పట్టీ పళ్ళలోంచి జారి కింద పడింది.

ఇద్దరం దానివైపు చూశాం.

"జారింది" అన్నాడు బావ. కుడిచెయ్యి మెల్లగా ముడిచి విప్పుకుంటున్నాడు.

"పళ్ళ మీద నూనె ఉంది" అన్నాను.

"తుడువు మరి."

పళ్ళ మీద నూనె లేదు. బిగించే ముందు నేనే పెట్రోలుతో కడిగాను. గుడ్డ తీసుకుని ఒక్కొక్క పన్నూ తుడవడం మొదలుపెట్టాను. బావ స్టూలు మీద కూర్చుని, నేను తుడిచినంతసేపూ, పట్టీ మళ్ళీ చేతిలోకి తీసుకోకుండా చూస్తూ ఉన్నాడు.